బియర్డెడ్ డ్రాగన్‌కి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి: ఇంట్లో వేడి, నీళ్లు, తిండి ఎలా చూసుకోవాలి?

తొండనేస్తం:

మూడేళ్ల మగ బియర్డెడ్ డ్రాగన్ (ఇంట్లో పెంచుకునే ఎడారి తొండ). ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అని తేల్చారు. మామూలు బరువు 395 గ్రాములు, ఇవాళ ఉదయం 342. సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు 72 గంటలకి ఒకటి చొప్పున మొత్తం 7 రాశారు. మొదటిది క్లినిక్‌లోనే వేశారు. మిగతా ఆరూ ఇన్సులిన్ సిరంజిల్లో నింపి, గడ్డకట్టించి చేతికిచ్చారు. ఒక్కోదాంట్లో 0.07 మి.లీ. ఉంది. తిండి మానేసి తొమ్మిది రోజులైంది. నీళ్లలో కలిపి పట్టే రికవరీ ఫీడ్ పొడి కూడా ఇచ్చారు.

కేజ్ 120 × 60 × 60 సెం.మీ. బాస్కింగ్ లైటు (ఒళ్లు కాచుకునే వేడి దీపం) కింద 36 డిగ్రీలు, చల్లటి వైపు 23, రాత్రి 19–20. కింద ఇసుక. టీ5 యూవీబీ ట్యూబు (ఎండలోని అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు) ఉంది, బిగించి ఏడాదిన్నర.

రాత్రి వేడి పెట్టాలా? సూది ఎక్కడ, ఎలా గుచ్చాలి? రోజూ గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టవచ్చా? ఫీడ్ ఎంతతో మొదలుపెట్టాలి? పగలంతా మూల దూరి కళ్లు మూసుకుని ఉంటోంది. చలికాలపు నిద్రలోకి జారుకుంటోందేమో, కదపకుండా వదిలేయమని ఒకరు చెప్పారు. అదీ తేల్చండి.

ఎండపొడ:

చివరి ప్రశ్నకి ముందు జవాబు. వదిలేయకండి. ఇన్ఫెక్షన్ ఉన్న జంతువుని చలికాలపు నిద్రలోకి పోనిస్తే రోగనిరోధక శక్తీ, మందు పనితీరూ రెండూ పడిపోతాయి. జబ్బు నయమయ్యేదాకా దానికి పగటికి పగలు, రాత్రికి రాత్రి స్పష్టంగా ఉండాలి. 12 గంటలు లైట్లు, 12 గంటలు చీకటి.

ఇప్పుడు వేడి సంగతి. మీరు రాసిన అంకెల్లో నన్ను కలవరపెట్టింది 0.07 కాదు, ఆ 36, ఆ 19. తొండకి ఒంట్లో సొంత పొయ్యి లేదు. తెల్లకణాలు ఎంత చురుగ్గా తిరగాలి, కండలో వేసిన మందు రక్తంలోకి ఎంత వేగంగా చేరాలి, కిడ్నీలు దాన్ని ఎంతసేపట్లో బయటికి పంపాలి, ఇవన్నీ ఒంటి ఉష్ణోగ్రత మీదే నడుస్తాయి. 72 గంటల లెక్క కూడా జంతువు తనకి తగిన వేడిలో ఉంటుందన్న నమ్మకంతో వేసిందే. కేజ్ చల్లగా ఉంటే మంచి మందు కూడా సగం పనే చేస్తుంది.

బాస్కింగ్ రాయి పైభాగం 40–42 డిగ్రీలు, చల్లటి వైపు గాలి 26–28. ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాత్రి 20–22కి దిగినా పరవాలేదు, ఇప్పుడు మాత్రం 25 కంటే కిందికి పోనివ్వకండి. అలాగని కేజ్ మొత్తాన్ని ఒకే వేడిలో ఉంచడం కూడా తప్పే. వేడి ఎక్కువైనప్పుడు పక్కకి జరిగే చోటు లేకపోతే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. అటూ ఇటూ జరిగే ఓపిక లేని జంతువుని మీరే పొద్దున బాస్కింగ్ రాయి దగ్గర పెట్టండి. గంట, గంటన్నర అయ్యాక పక్కకి తీసి మధ్యలో ఉంచండి.

రాత్రికి సిరామిక్ హీట్ ఎమిటర్ బిగించండి. వెలుతురు రాదు, వేడి మాత్రమే వస్తుంది. 60–100 వాట్ల మధ్యది మీ సైజు కేజ్‌కి సాధారణంగా సరిపోతుంది. పింగాణీ హోల్డర్, చుట్టూ జాలీ గూడు, థర్మోస్టాట్ (వేడిని కొలిచి హీటర్‌ని తనే ఆపే పరికరం) మూడూ తప్పనిసరి. ప్లాస్టిక్ హోల్డర్ ఆ వేడికి కరుగుతుంది. థర్మోస్టాట్ ప్రోబ్‌ని (వేడి కొలిచే తీగ కొసని) తొండ పడుకునే ఎత్తులో కట్టండి. జారి బయట పడిందంటే థర్మోస్టాట్ గది గాలిని కొలుస్తూ హీటర్‌ని ఆపకుండా నడిపిస్తుంది, తెల్లారేసరికి లోపల పొయ్యి అవుతుంది. రాత్రి వేడికి ఎర్ర బల్బు వద్దు. ఆ వెలుగు వాటికి కనిపిస్తుంది, నిద్ర చెడుతుంది.

మరో అనుమానం. ఆ 36 ఎక్కడ కొలిచారు? గోడకి అంటించే గుండ్రటి ముల్లు థర్మామీటరైతే దాన్ని నమ్మకండి, అయిదారు డిగ్రీలు తేడా చూపిస్తాయి. రాయి పైభాగానికి ఇన్‌ఫ్రారెడ్ గన్, గాలికి ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్ వాడండి. గన్‌ని గాలిలోకి గురిపెట్టి చదివిన అంకెకి అర్థం లేదు, అది ఎదురుగా ఉన్న వస్తువు పైభాగాన్ని మాత్రమే కొలుస్తుంది.

ఇసుక ఇవాళే తీసేయండి. పేపర్ టవల్ పరిస్తే మలం, యూరేట్ (మలంతో పాటు వచ్చే తెల్లటి మూత్రపు ముద్ద) రంగు, ముక్కు నుంచి కారిన చీమిడి మచ్చ అన్నీ కనిపిస్తాయి, రోజూ మార్చడం తేలిక. తేమ 30–40 శాతం చాలు. ఊపిరితిత్తుల జబ్బు కదా అని ఆవిరి పట్టకండి, ఎడారి జంతువుకి అది కీడే చేస్తుంది. యూవీబీ ట్యూబు కూడా మార్చండి. ఏడాది దాటాక వెలుగు మామూలుగానే కనిపిస్తుంది గానీ యూవీబీ బాగా తగ్గిపోయి ఉంటుంది. గాజు దాన్ని ఆపేస్తుంది, జాలీ మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మింగేస్తుంది. కొత్త ట్యూబు ఎంత దూరంలో ఉండాలో దాని డబ్బా మీద ఉన్న పట్టిక చూసి పెట్టండి.

సూదిమొన:

ఇంజెక్షన్ గురించి నేను రాస్తాను.

ముందు అంకె సరిచూద్దాం. సెఫ్టాజిడిమ్ సరీసృపాలకి సాధారణంగా కిలోకి 20 మి.గ్రా. 342 గ్రాములకి 6.8 మి.గ్రా. మందుని మి.లీ.కి 100 మి.గ్రా. చొప్పున కలిపి ఉంటే 0.068, అంటే 0.07 మి.లీ. యూ-100 ఇన్సులిన్ సిరంజి (1 మి.లీ. అంటే 100 యూనిట్లు) మీద 7 యూనిట్ల గీత. ఈ లెక్క మోతాదు మీరే మార్చుకోవడానికి కాదు. 7 దగ్గర ఉండాల్సిన మందు 70 దగ్గర కనిపిస్తే చెయ్యి ఆగాలి, అందుకు. చిన్న జంతువుల విషయంలో జరిగే ఘోరమైన పొరపాటు దశాంశ బిందువు ఒక స్థానం జరగడమే. లెక్క కుదరకపోతే వేయకుండా ఫోన్ చేయండి.

నిల్వ: సిరంజిలు ఫ్రీజర్ లోపలి మూలలో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉండాలి. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా కరిగి మళ్లీ గడ్డకడతాయి. ఒక్కో సిరంజి మీద వేయాల్సిన తేదీ రాసుకోండి. మొదటి ఇంజెక్షన్ పడిన రోజు 1 అనుకుంటే మిగతావి 4, 7, 10, 13, 16, 19వ రోజుల్లో, అదే వేళకి.

వేసే రోజు: తొండని ముందుగా ఒక గంట బాస్కింగ్‌లో ఉంచి ఒళ్లు వేడెక్కనివ్వండి. సిరంజిని గుప్పిట్లో పట్టుకుంటే కొద్ది నిమిషాల్లోనే కరుగుతుంది. వేడినీళ్లు, మైక్రోవేవ్ జోలికి పోకండి. లేత పసుపు రంగు మామూలే. ముదురు గోధుమ రంగుకి తిరిగినా, లోపల నలక కనిపించినా వాడకండి. ఒకసారి కరిగినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకూడదు. సూది పైకి పట్టి, వేలితో తట్టి బుడగని పైకి రప్పించి నెమ్మదిగా తోయండి. 0.07లో ఒక చుక్క పోయినా పెద్ద వాటా పోయినట్టే, అందుకని మందు మొన దాకా రాగానే ఆపేయండి.

చోటు: ముందుకాలి పైభాగం, భుజానికీ మోచేతికీ మధ్య వెనకవైపు కండ. డాక్టర్ గారు చర్మం కింద వేయమంటే భుజం మీది వదులు చర్మం. వెనక కాళ్లూ, తోకా వద్దు. అక్కడి రక్తం గుండెకి చేరేలోపు కిడ్నీల గుండా పోయే దారి ఒకటి సరీసృపాలకి ఉంది. కొన్ని మందులు ఆ దారిన ముందే బయటికి పోవచ్చు, కొన్ని కిడ్నీకే భారం కావచ్చు. అందుకే ఒంటి ముందు సగంలో వేయడం ఆనవాయితీ.

ఒకరు తువ్వాలు చుట్టి, ఛాతీ నొక్కకుండా, ముందుకాలు మాత్రం బయటికి ఉంచి పట్టుకోవాలి. ఊపిరి అందని జంతువుని వెల్లకిలా తిప్పకూడదు. సూదిని పొలుసు మధ్యలోంచి కాకుండా రెండు పొలుసుల సందులోంచి, బాగా ఏటవాలుగా పోనివ్వండి. లోతు 3–4 మి.మీ. చాలు, కండ అంతకంటే మందం ఉండదు. నెమ్మదిగా తోసి, రెండు క్షణాలు ఆగి తీయండి. ఈసారి కుడి ముందుకాలు, వచ్చేసారి ఎడమది.

మందు బయటికి కారినట్టు అనిపిస్తే అంచనా మీద ఇంకొంచెం వేయకండి. ఒక డోసు మర్చిపోతే తర్వాతిది రెట్టింపు చేయకండి. రెండింటికీ క్లినిక్‌కి ఫోన్ చేయడమే మార్గం. మూడో ఇంజెక్షన్‌కే హుషారు వచ్చిందని మానేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డ పొరపాటు. మిగిలిపోయిన సూక్ష్మక్రిములు తిరగబెట్టినప్పుడు ఇదే మందు పనిచేయకపోవచ్చు.

ఇదే జబ్బుకి ఎన్రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ రాయించుకున్నవాళ్లు ఈ చర్చ చదువుతుంటే ఒక మాట. ఆ ఇంజెక్షన్ మంటపెడుతుంది, పదేపదే వేస్తే అక్కడి కండ, చర్మం చచ్చుబడి నల్లబడవచ్చు. నోటి ద్వారా ఇవ్వడం కుదురుతుందా అని అడగండి.

నీటిచుక్క:

నీళ్లు ముందు, తిండి తర్వాత. ఈ వరస తప్పితే కథ అడ్డం తిరుగుతుంది.

13 శాతం బరువు పోయింది, తొమ్మిది రోజులుగా తిండి లేదు. అలాంటి ఒంట్లో నీళ్లు తక్కువే ఉంటాయి. ఎండిపోయిన జంతువు కడుపులో చిక్కటి ఫీడ్ పోస్తే అది కదలదు. చాలా రోజులు పస్తున్నాక ఒక్కసారిగా పోషణ అందితే రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మొదటి ఒకటి రెండు రోజులు నీళ్ల మీదే దృష్టి పెట్టండి.

గుర్తులు చూడండి. కళ్లు లోపలికి పోయాయా? పక్క చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే ముడత నిలిచిపోతోందా? నోటిలో లాలాజలం తీగలా సాగుతోందా? యూరేట్ మెత్తగా తెల్లగా ఉండాలి. పసుపు, నారింజ రంగులో గట్టి ఉండలా వస్తే నీళ్లు చాలడం లేదు. ఈ గుర్తులు గట్టిగా కనిపిస్తే ఇంట్లో పట్టే నీళ్లు చాలవు, క్లినిక్‌లో చర్మం కింద ద్రవాలు ఎక్కించాల్సిందే.

ఇంట్లో పట్టగలిగితే రోజుకి కిలోకి 15–25 మి.లీ. అన్నది మొదలుపెట్టడానికి తగిన లెక్క. మీ దానికి 5–8 మి.లీ. దాన్ని మూడు నాలుగు విడతలుగా పంచండి. మూతి చివర ఒక్కో చుక్క వేస్తే చాలా డ్రాగన్లు నాకేస్తాయి, అది అన్నిటికంటే క్షేమం. నాకకపోతేనే నోరు తెరవాలి.

తెరిచే పద్ధతి: 1 మి.లీ. సిరంజి, సూది లేకుండా. పలుచటి మెత్తటి ప్లాస్టిక్ కార్డు అంచుని నోటి పక్క నుంచి పెట్టి ఓపిగ్గా ఆగితే అదే తెరుస్తుంది. లోహపు చెంచా, పటకారు వద్దు. వీటి పక్క పళ్లు దవడ ఎముక అంచుకే అతుక్కుని ఉంటాయి, విరిగితే మళ్లీ రావు. గడ్డం కింది చర్మం పట్టి లాగకండి. నాలుక మొదట్లో చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది, అదే శ్వాసనాళం ముఖద్వారం. దాని మీద చుక్క పడకూడదు. చెంప లోపలివైపు 0.1 మి.లీ. వేసి, మింగాక తర్వాతది. తల నిటారుగా ఎత్తకండి, ఒళ్లు కొద్దిగా ఏటవాలుగా ఉంటే చాలు.

ఫీడ్ రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టండి. డబ్బా మీద రాసినదానికంటే పలచగా కలిపి, గోరువెచ్చగా, మొదటిసారి 2–3 మి.లీ. మాత్రమే. మర్నాడు కక్కకుండా, పొట్ట ఉబ్బకుండా ఉంటే నాలుగైదు రోజుల్లో 5–7 మి.లీ.కి, మామూలు చిక్కదనానికి తీసుకెళ్లండి. పట్టడానికి ముందు కనీసం గంట వేడిలో ఉండాలి, తర్వాత రెండు గంటలు కూడా. లైట్లు ఆరే వేళకి పడితే రాత్రంతా కడుపులో నిలిచి కుళ్లుతుంది.

బతికున్న పురుగుల్ని కేజ్‌లో వదిలేయకండి. నీరసంగా ఉన్న తొండ కాలివేళ్లనీ కంటి రెప్పల్నీ కొరికేస్తాయి. తింటుందేమో చూడాలంటే పటకారుతో చూపించి, తినకపోతే తీసేయండి. కాల్షియం, విటమిన్ పొడులు సొంతంగా కలపకండి, రికవరీ ఫీడ్‌లో అవి ఉంటాయి. విటమిన్ డీ3 ఎక్కువైనా హానే.

ఇక స్నానం. రోజూ కూర్చోబెడితే చర్మం గుండా నీళ్లు పీల్చుకుంటుందన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. వీటి చర్మం ఒంట్లో నీరు బయటికి పోకుండా కాపాడేందుకే ఉంది, దాని గుండా లోపలికి వెళ్లేది నామమాత్రం. స్నానం వల్ల లాభమల్లా కొన్ని తాగుతాయి, కొన్నిటికి విరేచనం అవుతుంది. మీ దానికి ఊపిరి ఆడటమే కష్టంగా ఉంది. నేనైతే నోటి ద్వారా చుక్కలకే ఓటేస్తాను.

ఎండపొడ:

స్నానం పూర్తిగా మానాలని నేను అనను అండీ. మలబద్ధకం ఉంటే మేలే చేస్తుంది. షరతులు మాత్రం గట్టిగా పాటించాలి. నీళ్లు 32–34 డిగ్రీలు, థర్మామీటర్‌తో చూసి. లోతు మోచేతి దాకా, అంతకంటే వద్దు. 10 నిమిషాలు, మీరు పక్కనే ఉండి, గడ్డం కింద చెయ్యి పెట్టి. తీయగానే తువ్వాలుతో అద్ది నేరుగా వేడి కిందికి. తల నిలబెట్టలేకపోతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఆ రోజు స్నానం వద్దు.

నీటిచుక్క:

ఆ షరతులతో అయితే సరే. రోజూ కాకుండా మూడు రోజులకోసారి, ఇంజెక్షన్ లేని రోజున.

తొండనేస్తం:

సిరామిక్ హీటర్, థర్మోస్టాట్ బిగించాం. రాత్రి 26 నిలుస్తోంది, రాయి 41. ఇసుక తీసేశాం. రెండో ఇంజెక్షన్ కుడి ముందుకాలికి అయింది. నీళ్లు నాకుతోంది. బరువు నిన్న 342, ఇవాళ 349. ఇది నిజంగా పెరిగినట్టేనా? పైగా బాస్కింగ్‌లో నోరు తెరుచుకుని కూర్చుంటోంది. జబ్బు ముదిరిందా?

సూదిమొన:

ఆ 7 గ్రాములు మీరు పట్టిన నీళ్లే. దాన్ని చెడ్డగా తీసుకోకండి, నీళ్లు నిలవడం మొదటి మెట్టు. ఒక్క విరేచనంతో 5–10 గ్రాములు అటూ ఇటూ అవుతాయి. అందుకే రోజూ పొద్దున, ఏమీ పట్టకముందు, 1 గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నెలో కూర్చోబెట్టి తూచి రాసుకోండి. ఒక రోజు అంకెని వదిలేసి మూడు నాలుగు రోజుల వరస చూడండి. పక్కనే ఎంత నీళ్లు, ఎంత ఫీడ్, మలం, యూరేట్ రంగు, రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రాయండి. తిరిగి చూపించడానికి వెళ్లినప్పుడు “కాస్త నయం” అన్న మాటకంటే ఆ కాగితం డాక్టర్ గారికి వంద రెట్లు పనికొస్తుంది. ఆ త్రాసు, గిన్నె మళ్లీ వంటకి వాడకండి.

నోరు తెరవడం ఎక్కడన్నది ముఖ్యం. వేడి రాయి మీద, నిశ్శబ్దంగా, ఛాతీ మామూలుగా ఆడుతూ నోరు తెరిస్తే ఒంటి వేడి దించుకుంటోంది, అంతే. చల్లటి వైపు కూర్చుని కూడా నోరు తెరిచి ఉంటే, తల పైకెత్తి మెడ సాచి గాలి లాగుతుంటే, ఊపిరితో పాటు చిటపట, ఈల లాంటి శబ్దం వస్తే అది జబ్బే. నోట్లో నురగ, బుడగలు, నాలుక చిగుళ్లు బూడిదరంగుకో నీలానికో తిరగడం, ముట్టుకున్నా కళ్లు తెరవకపోవడం, వణుకు, మూర్ఛ – వీటిలో ఏది కనిపించినా తర్వాతి ఇంజెక్షన్ దాకా ఆగకుండా వెంటనే తీసుకెళ్లండి. దారిలో కూడా వేడి తగ్గకూడదు. మూత ఉన్న డబ్బాలో తువ్వాలు పరిచి, గుడ్డ చుట్టిన వెచ్చటి నీళ్ల సీసా ఒక పక్క పెట్టండి. ఒంటికి నేరుగా తగలనివ్వకండి.

మూడు నాలుగు ఇంజెక్షన్లయినా ఊపిరిలో మార్పు లేకపోతే, శ్వాసనాళం నుంచి నమూనా తీసి కల్చర్ పరీక్ష (ఏ క్రిమి ఉందో పెంచి చూసేది) చేయిస్తారా అని అడగండి. కొన్ని ఊపిరితిత్తుల జబ్బులు ఫంగస్ వల్ల వస్తాయి, వాటికి యాంటీబయాటిక్ ఎంత వేసినా ఫలితం ఉండదు.

బల్లిగూడు:

ఇదే చర్చలో అడుగుతున్నా. లెపర్డ్ గెకోకి (పెంపుడు బల్లి జాతి), 58 గ్రాములు, నోటి ద్వారా మందు రాశారు, రోజుకి 0.03 మి.లీ. పైన చెప్పినవన్నీ దీనికీ వర్తిస్తాయా?

నీటిచుక్క:

సూత్రం అదే, అంకెలు వేరు. వేడి వైపు నేల 31–33 డిగ్రీలు, గాలి అంత వేడెక్కక్కర్లేదు. జబ్బులో ఉండగా రాత్రి 24కి తగ్గనివ్వకండి. కింద హీట్ మ్యాట్ ఉంటే థర్మోస్టాట్ లేకుండా అస్సలు వద్దు, పొట్ట కాలిపోతుంది. తడి పేపర్ టవల్ పెట్టిన గూడు ఒకటి ఉంచాలి. కుబుసం వేళ్లకి చుట్టుకుపోతే జబ్బు మీద జబ్బు.

0.03 మి.లీ.ని మామూలు 1 మి.లీ. సిరంజితో సరిగ్గా కొలవలేరు. సూది తీసేయగలిగే 0.3 మి.లీ. సిరంజి గానీ, కొలత తేలికయ్యేలా పలచగా కలిపిన మందు గానీ క్లినిక్‌లోనే అడిగి తీసుకోండి. ఇంట్లో మీరే పలచన చేయవద్దు. పై పెదవి మీద చుక్క వేస్తే నాకేస్తుంది. తోక పట్టుకోకండి, ఊడిపోతుంది. తోకలోని కొవ్వే ఇప్పుడు దాని తిండి నిల్వ. తూకానికి 0.1 గ్రాము చూపే త్రాసు కావాలి. వారానికోసారి తోకకి పైనుంచి, ఒకే ఎత్తులోంచి ఫొటో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

ఎండపొడ:

శుభ్రం గురించి ఎవరూ రాయలేదు. నీళ్ల గిన్నె రోజూ, రాయి, గూడు రెండు రోజులకోసారి. ముందు సబ్బుతో మురికి పోగొట్టి, తర్వాత డబ్బా మీద చెప్పినంత పలచన చేసిన క్లోర్‌హెక్సిడిన్ (క్రిములని చంపే ద్రవం) పది నిమిషాలు, ఆపైన బాగా కడిగి ఆరబెట్టడం. ఫినాయిల్ ఆ గదిలోనే వద్దు, దాని ఆవిరి సరీసృపాలకి విషం. ఇంట్లో ఇంకో సరీసృపం ఉంటే ముందు ఆరోగ్యంగా ఉన్నదాని పని, చివర్లో దీని పని, పటకార్లు, గిన్నెలు వేరువేరుగా. పైకి ఆరోగ్యంగా కనిపించే తొండ మలంలో కూడా సాల్మొనెల్లా అనే, మనుషులకి జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండవచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, అయిదేళ్లలోపు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, వంటింటి సింకులో దాని సామాను కడగకండి.

19వ రోజు ఇంజెక్షన్ అయిపోగానే రాత్రి హీటర్ ఆపేయకండి. తిరిగి చూపించి, ఊపిరి శుభ్రంగా ఉందని చెప్పించుకున్నాక, రెండు మూడు రోజులకి ఒక డిగ్రీ చొప్పున 26 నుంచి 22కి దించండి. ఏ మెట్టు దగ్గరైనా నోరు తెరవడమో చీమిడో కనిపిస్తే మళ్లీ 26కి ఎక్కించి అదే రోజు ఫోన్ చేయండి. ఇసుక మాత్రం బరువు 390 దాటి, తనంతట తాను తింటూ రెండు వారాలు గడిచేదాకా తిరిగి వేయకండి.